ఒక్క తూము, అరవై ఫోన్లు: మన లైవ్‌ను మనమే పంచుకునే సర్వర్

ఏప్రిల్ 14 దగ్గర పడుతోందంటే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లోని అంబేడ్కర్ సంఘాలన్నిటికీ చేతినిండా పని. ఫ్లెక్సీలు, మైకుసెట్టు, దండలు, భోజనాలు. కొన్నేళ్ళుగా వీటికి లైవ్ కూడా తోడైంది. సంఘంలో మంచి ఫోను ఉన్న తమ్ముడెవరో ఒకరు విగ్రహం దగ్గర నిలబడి ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో లైవ్ పెడతాడు. మొదటి పది నిమిషాలు బాగానే నడుస్తుంది. జనం పెరిగేకొద్దీ అందరి ఫోన్లూ ఒకే టవరు మీద పడతాయి. బొమ్మ ఆగిపోతుంది. "అన్నా, సౌండ్ రావట్లేదు" అని బెంగళూరు నుంచి, గల్ఫ్ నుంచి కామెంట్లు మొదలవుతాయి. వెనకాల డీజేలో సినిమా పాట వినపడిందంటే కాపీరైటు పేరుతో యంత్రమే లైవ్‌ను ఆపేయొచ్చు. ఆ ఉదయమే కొత్త ఛానల్ తెరిచిన సంఘానికైతే అసలు లైవే దొరకదు. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ అనుమతికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఫోను నుంచి పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి.

జయంతి సభ లైవ్ చెడితే వచ్చే ఏడాది ఇంకో సభ ఉంటుంది. శ్మశానం దారి కోసం తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్న రోజు మళ్ళీ రాదు. అసైన్డ్ భూమి సర్వేకు వచ్చిన అధికారి అందరి ముందూ ఒప్పుకున్న మాట మళ్ళీ అనడు. నిజనిర్ధారణకు వెళ్ళినవాళ్ళను పొలిమేరలో ఎవరు ఆపారో మళ్ళీ కెమెరాకు దొరకదు. అలాంటివి లైవ్‌లో తెగిపోతే తెగిపోయినట్టే. తెగకుండా నడిచినా, ఆ వీడియో ఎవరి సర్వర్లో ఉందో వాళ్ళు ఉంచితే ఉంటుంది, తీసేస్తే పోతుంది.

దీనికి మనం చేసుకోగల ఏర్పాటు ఒకటుంది. దాన్ని స్ట్రీమింగ్ ప్రాక్సీ సర్వర్ అంటారు. మూలన పడేసిన పాత కంప్యూటరు, ఉచిత సాఫ్ట్‌వేరు, అద్దెకు దొరికే ఒక చిన్న వర్చువల్ మెషీన్ ఉంటే చాలు. జేఎన్‌టీయూలోనో, ఎస్‌కే యూనివర్సిటీలోనో కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలు ఇద్దరు శని, ఆదివారాలు కూర్చుంటే తయారవుతుంది. మిగతావాళ్ళకు అదేం చేస్తుందో తెలిస్తే చాలు, దాన్ని అడిగి చేయించుకోగలుగుతారు. అందుకని ముందు అది చేసే పని చెబుతాం.

నీరుగంటి పని

మన దగ్గర ఏడాది మొత్తం కలిపి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టే. అందుకే ఈ మెట్ట మీద పూర్వం నుంచి గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి చేరతాయి. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసి, తూము తెరిచి మూసే మనిషి నీరుగంటి. రాయలసీమలో చాలా ఊళ్ళలో ఆ పని చేసింది మాల, మాదిగ కుటుంబాలే. కట్ట మీద రాత్రీ పగలూ కాపలా ఉన్నది మనవాళ్ళు. తూము కింద తడిసిన మళ్ళు మాత్రం ఎక్కువగా వేరేవాళ్ళవి.

ప్రాక్సీ సర్వర్ చేసేది నీరుగంటి పనే. ఒక లెక్క చూద్దాం. ఎస్సీ హాస్టల్లోనో, గ్రంథాలయం హాల్లోనో అరవై మంది విద్యార్థులున్నారు. ఎక్కడో జరుగుతున్న మన సభను అందరూ తమ తమ ఫోన్లలో చూడాలి. ఒక మోస్తరుగా కనిపించే వీడియోకు సెకనుకు 800 కిలోబిట్లు కావాలి, అంటే 0.8 ఎంబీపీఎస్. అరవై మందికి 48 ఎంబీపీఎస్. హాలుకు వచ్చే కనెక్షను 15 ఎంబీపీఎస్ అయితే ఎవ్వరికీ సరిగా రాదు. అందరూ ఒకే వీడియోను, ఒకే క్షణంలో, అరవై సార్లు బయటి నుంచి తెచ్చుకుంటున్నారు మరి. ఒకే బావి నుంచి ఒకే బిందె నీళ్ళను అరవై సార్లు తోడినట్టు.

హాల్లోనే ఒక ప్రాక్సీ పెడితే అది బయటి నుంచి ఒక్కసారే, 0.8 ఎంబీపీఎస్ తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి హాలులోపలి వైఫై మీద అరవై మందికీ పంచుతుంది. హాలులోపలి పంపకానికి బయటి ఇంటర్నెట్ ఖర్చు కాదు. డేటా లెక్కలో చూస్తే, ఈ వేగంతో గంటకు ఒక్కొక్కరికి 360 ఎంబీ. మూడు గంటల సభకు 1.08 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాకు వేసుకున్న విద్యార్థికి ఆ రోజు డేటాలో మూడొంతుల్లో రెండు వంతులకు పైగా ఒక్క సభకే పోతుంది. అరవై మందికి కలిపి దాదాపు 65 జీబీ. ప్రాక్సీ ఉంటే మొత్తం హాలుకు ఆ 1.08 జీబీ చాలు.

ఇది ఎలా కుదురుతుందంటే, ఇప్పటి లైవ్ వీడియో ఆగకుండా పారే ధార కాదు. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిలో వీడియోను ఆరేసి సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క ఒక మామూలు ఫైలు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడించాలో చెప్పే జాబితా ఇంకో చిన్న ఫైలు. ఫోను కొన్ని సెకన్లకోసారి ఆ జాబితా చూసుకుని కొత్త ముక్కను అడుగుతుంది. మొదట అడిగిన ఫోను కోసం ప్రాక్సీ ఆ ముక్కను బయటి నుంచి తెచ్చి దాచుకుంటుంది. తర్వాత అడిగిన యాభైతొమ్మిది మందికీ దాచుకున్నదే ఇస్తుంది. లైవ్ అని మనం పిలిచేది నిజానికి ఒక పదిహేను, ఇరవై సెకన్లు వెనక నడుస్తుంటుంది. ఆ ఆలస్యం మనకు పనికొస్తుంది కూడా, ఎందుకో తర్వాత చెబుతాం.

ఒక పరిమితి ఇక్కడే చెప్పాలి. యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో వచ్చే వీడియోను ఈ ప్రాక్సీ దాచి పంచలేదు. అక్కడి రాకపోకలన్నీ తాళం వేసిన పెట్టెల్లో నడుస్తాయి, మధ్యలో ఉన్న యంత్రానికి లోపల ఏముందో కనపడదు. పదిహేనేళ్ళ కిందట ఇంటర్నెట్ సెంటర్లలో పెట్టిన ప్రాక్సీలు ఇప్పుడు అందుకే పెద్దగా పనిచేయవు. 2024 ఫిబ్రవరి 6, 7, 8 తేదీల్లో ఎస్సీ వర్గీకరణ మీద ఏడుగురు జడ్జీల ధర్మాసనం విచారణను సుప్రీంకోర్టు లైవ్ ఇచ్చింది. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ మూడు రోజులూ మన పిల్లలు వినాల్సినవే. అలాంటిదాన్ని మన సర్వర్ మీదుగా తిప్పాలని చూడొద్దు. సాంకేతికంగానూ కుదరదు, కోర్టు ప్రసారాన్ని అనుమతి లేకుండా రికార్డు చేసి తిరిగి ప్రసారం చేయడమూ తగదు. దానికి సులువైన మార్గం హాల్లో ఒక టీవీ పెట్టి అందరూ కలిసి చూడడమే. మన ప్రాక్సీ మన సొంత ప్రసారానికి.

గాలి ఎవరిది

ఇంత శ్రమ ఎందుకు, యూట్యూబ్ ఉందిగా అనే మిత్రులుంటారు. వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం.

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఒకరు. తీర్పు వచ్చినా గాలి మన చేతికి రాలేదు. 2002లో పక్కనే కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటరుతో 'మన రేడియో' నడిపారు. లైసెన్సు లేదని 2003లో అధికారులు మూయించారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళల రేడియోకు 1990ల చివరికే స్టూడియో ఉంది, అనుమతి లేదు. ఆ అక్కలు ఊరుకోలేదు. క్యాసెట్ల మీద రికార్డు చేసి ఊరూరా సంఘాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని 2006లో విధానం మారాక, 2008 అక్టోబర్ 15న మాచ్‌నూరు నుంచి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. పదేళ్ళు పట్టింది.

ఇంటర్నెట్‌లో సభ ప్రసారం చేసుకోవడానికి రేడియోకు కావాల్సినట్టు లైసెన్సు అక్కర్లేదు. అయినా తూము మన చేతిలో లేదు. అది పెద్ద కంపెనీల చేతిలో ఉంది. వాళ్ళ నియమాలు వాళ్ళవి, మూకుమ్మడిగా రిపోర్టు కొట్టే గుంపులు ఆ నియమాలను మన మీదికి ఎలా తిప్పుతాయో కుల దాడుల వీడియోలు పెట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. యూట్యూబ్‌ను మానేయమని మేం అనడం లేదు. ఎక్కువమంది అక్కడే ఉన్నారు, అక్కడికీ పంపాలి. అక్కడికి మాత్రమే పంపితే వస్తుంది చిక్కు.

పై చెరువు: అద్దె మెషీన్

మన ఏర్పాటులో రెండు చెరువులున్నాయి. పై చెరువు ఎక్కడో డేటా సెంటర్లో అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్. కింది చెరువు హాల్లోని పాత కంప్యూటరు. సభ దగ్గరి ఫోను పై చెరువుకు ఒకే ఒక్క ధార పంపుతుంది. పై చెరువు దాన్ని యూట్యూబ్‌కొకటి, ఫేస్‌బుక్‌కొకటి, మన వెబ్‌పేజీకొకటి, కింది చెరువుకొకటి చొప్పున నకళ్ళు తీసి వదులుతుంది. ఒక నకలును తన దగ్గరే దాచుకుంటుంది. ఎండిన గుట్టల మధ్య రెండు గీతల సిగ్నలుతో ఉన్న ఫోను నాలుగు చోట్లకు పంపలేదు. ఒక్కచోటికి పంపగలదు.

ఆ ఒక్క ధార ఎలా పంపాలన్నది ముఖ్యం. అందరూ వాడే పాత పద్ధతి ఆర్‌టీఎంపీ. సిగ్నలు నిలకడగా ఉన్నచోట బాగుంటుంది, ఊగిసలాడే చోట తడబడుతుంది. 2017లో సోర్సుతో సహా అందరికీ విడుదలైన ఎస్‌ఆర్‌టీ అనే పద్ధతి ఇలాంటి చోట్ల నయం. దారిలో పోయిన ముక్కలను గుర్తుపట్టి మళ్ళీ పంపిస్తుంది. ఎంతసేపు ఆగి చూడాలో మనమే చెప్పొచ్చు, పల్లెల్లో మూడు, నాలుగు సెకన్లు ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో ఉచితం, ఇది ఎస్‌ఆర్‌టీలో పంపగలదు. ఫోనుకు లారిక్స్ బ్రాడ్‌కాస్టర్ లాంటి యాప్‌లున్నాయి. ఉచితంగా ఇచ్చే రకంలో పరిమితులుంటాయి కాబట్టి సభ రోజున కాక ముందే పరీక్షించుకోండి.

సిగ్నలు మరీ అధ్వానంగా ఉంటే బొమ్మ వదిలేసి మాట మాత్రం పంపండి. 64 కిలోబిట్ల ధ్వనికి గంటకు 29 ఎంబీ కూడా కాదు. వక్త ముఖం కనపడకపోతే సభకు కలిగే నష్టం తక్కువ, మాట తెగితేనే నష్టం. ఈ సంగతి రేడియో నడిపిన అక్కలకు మనకంటే బాగా తెలుసు.

వీఎం, కంటెయినర్: తేడా ఏమిటి

వర్చువల్ మెషీన్, క్లుప్తంగా వీఎం, అంటే ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును సాఫ్ట్‌వేరుతో సృష్టించడం. దానికి సొంత ఆపరేటింగ్ సిస్టం, సొంత డిస్కు, సొంత మెమరీ వాటా ఉంటాయి. ఒకే స్థలంలో వేరే పునాది వేసి కట్టిన రెండో ఇల్లు అనుకోండి. మొదటి ఇంట్లో ఏం జరిగినా రెండో ఇంటికి తెలియదు. హాస్టల్ ఆఫీసులో విద్యార్థుల హాజరు, బిల్లులు చూసే విండోస్ కంప్యూటరు ఉందనుకోండి. దాన్ని మన ప్రయోగాలకు ఇమ్మంటే వార్డెన్ సార్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో న్యాయం కూడా ఉంది. అదే కంప్యూటర్లో ఒక వీఎం పెట్టి మన పనంతా దాని లోపలే చేస్తే ఆఫీసు ఫైళ్ళ జోలికి పోము. వద్దనుకున్న రోజు వీఎంను తీసేస్తే ఆనవాలు ఉండదు.

కంటెయినర్ అంతకంటే తేలిక. ఇది వేరే ఇల్లు కాదు, ఒకే పునాది మీద తలుపులు వేసుకున్న గదులు. ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ లాంటి కెర్నల్ అందరికీ ఒకటే, ఎవరి సామాను వాళ్ళ గదిలో ఉంటుంది. అందుకే కంటెయినర్ సెకన్లలో మొదలవుతుంది, తక్కువ మెమరీ తింటుంది. 2013లో వచ్చిన డాకర్ దీన్ని అందరికీ అలవాటు చేసింది. డాకర్ బదులు పాడ్‌మ్యాన్ వాడినా మేం చెప్పే పద్ధతి మారదు. 'వేరుగా ఉంచడం' అనే మాట వింటేనే మనకు ఒళ్ళు మండుతుంది గాని, ఈ గదులు ఎవర్నీ వెలివేసేవి కావు. ఒక గదిలో నిప్పంటుకుంటే పక్క గదికి పాకకుండా పెట్టిన గోడలు.

రెండూ ఎందుకు? వీఎం మన పనిని ఆ కంప్యూటరు యజమాని పని నుంచి విడదీస్తుంది. దాని లోపలి కంటెయినర్లు మన పనిలోని భాగాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తాయి. అసలు లాభం ఇంకోటుంది. వీఎం మొత్తం ఒక ఫైలే. పెన్‌డ్రైవులో పట్టకపోతే హార్డ్‌డిస్కులో వేసుకుని ఇంకో ఊరికి తీసుకుపోయి ఇంకో కంప్యూటర్లో తెరవొచ్చు. కంటెయినర్లను ఎలా నిలబెట్టాలో రాసిన కాగితం, డాకర్ కంపోజ్ ఫైలు అంటారు, ఒక పేజీ టెక్స్టు. వాట్సాప్‌లో పంపొచ్చు. ఎండకు కంప్యూటరు కాలిపోయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా, గంటలో ఇంకోచోట అదే సర్వర్ లేస్తుంది. ఒక్క మనిషికే తెలిసిన పని ఆ మనిషితోనే పోతుంది. పేజీలో రాసి ఉన్న పని పోదు.

పై చెరువులో మూడు గదులు చాలు. మొదటి గదిలో మీడియాఎమ్‌టీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఎస్‌ఆర్‌టీని 8890 పోర్టు మీద, ఆర్‌టీఎంపీని 1935 మీద తీసుకుంటుంది, హెచ్‌ఎల్‌ఎస్ ముక్కలను 8888 మీద ఇస్తుంది, రికార్డింగ్ కూడా అదే చేస్తుంది. మొదట్లో అది చాలా చిన్న ముక్కలు చేసేలా అమర్చి ఉంటుంది. దాన్ని మామూలు హెచ్‌ఎల్‌ఎస్‌కు, ఆరు సెకన్ల ముక్కలకు మార్చండి, ప్రాక్సీకి అదే అనుకూలం. ప్రసారం పంపేవాళ్ళకు పాస్‌వర్డు తప్పనిసరి చేయండి. లేదంటే మీ సభ మధ్యలో ఎవడో తన వీడియో తోసేస్తాడు. రెండో గదిలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. వచ్చిన ధారను మార్చకుండా ఉన్నదున్నట్టు యూట్యూబ్‌కు, ఫేస్‌బుక్‌కు నకలు పంపుతుంది. మూడో గదిలో ఎన్‌జిన్‌ఎక్స్, లోకానికి కనిపించే తలుపు. దీనికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికెట్ తీసుకోండి.

'మార్చకుండా' అన్న మాట గమనించండి. వీడియోను చిన్న సైజుకు, పెద్ద సైజుకు మార్చే పని మొదలుపెడితే ప్రాసెసర్ మీద విపరీతమైన భారం పడుతుంది, ఖరీదైన మెషీన్ కావాలి. పంపేటప్పుడే తక్కువ సైజులో పంపితే సర్వర్‌కు నకళ్ళు తీయడమే పని. అప్పుడు చౌకగా దొరికే చిన్న వీఎం సరిపోతుంది. నెలకు ఎంత డేటా వదలొచ్చో అద్దె షరతుల్లో చూసుకోండి. మీ వెబ్‌పేజీలో రెండు వందల మంది మూడు గంటలు చూస్తే 216 జీబీ బయటికి పోతుంది.

కింది చెరువు: హాల్లోని కంప్యూటరు

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పదేళ్ళ నాటి డెస్క్‌టాప్ చాలు. ముందు బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది. విండోస్ మీద వర్చువల్‌బాక్స్ వేసి, డెబియన్ లినక్స్‌తో ఒక వీఎం చేసి, దానికి ఒకటిన్నర జీబీ మెమరీ ఇవ్వండి. కంప్యూటరును పూర్తిగా మనకే ఇచ్చేస్తే విండోస్ తీసేసి ప్రాక్స్‌మాక్స్ వేసుకోవచ్చు, అది వీఎంలు నడపడానికే పుట్టింది.

చాలామంది ఇరుక్కునేది నెట్‌వర్క్ దగ్గర. వర్చువల్‌బాక్స్ వీఎంను మొదట నాట్ అనే పద్ధతిలో పెడుతుంది. అలా ఉంటే వీఎం బయటికి వెళ్ళగలదు గాని హాల్లోని ఫోన్లు దాని దగ్గరికి రాలేవు. దాన్ని బ్రిడ్జ్‌డ్‌కు మార్చండి. అప్పుడు రౌటర్ వీఎంకు సొంత చిరునామా ఇస్తుంది. కంప్యూటరును రౌటరుకు వైఫైతో కాక కేబులుతో కలపండి.

వీఎం లోపల ఒకే ఒక్క కంటెయినర్, ఎన్‌జిన్‌ఎక్స్. దీనికి నాలుగు మాటలు చెప్పాలి. ముక్కలను పది నిమిషాలు దాచు. జాబితాను ఒక సెకను మించి దాచకు, ఎందుకంటే పాత జాబితా ఇస్తే అందరి బొమ్మా ఆగిపోతుంది. ఒకే ముక్కను ఒకేసారి పదిమంది అడిగితే పైకి ఒక్కరినే పంపు, తెచ్చింది అందరికీ పంచు. పై చెరువు కాసేపు పలకకపోతే దాచిన ముక్కలను ఇస్తూనే ఉండు. మూడోదాని పేరు ప్రాక్సీ క్యాష్ లాక్. అది ఆన్ చేయకపోతే కొత్త ముక్క పుట్టిన ప్రతిసారీ అరవై ఫోన్లూ ఒకేసారి ఎగబడి, అన్నీ పైకే పోతాయి, ప్రాక్సీ పెట్టిన ఫలితం సగం పోతుంది. నీరుగంటి లేని తూము దగ్గర జరిగేదే అది.

ఇక వైఫై. ఇళ్ళలో వాడే సాధారణ రౌటర్ ముప్పై ఫోన్లు దాటితే ఆయాసపడుతుంది. అరవై మందికి రెండు, వీలైతే మూడు పెట్టండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీదికి మారాల్సిన వాటిలో ఫ్యాన్ కంటే ముందు రౌటర్ ఉండాలి. మే నెల ఎండలో కంప్యూటర్ పెట్టె మూత తీసి దుమ్ము దులపకుండా మూడు గంటల సభకు నమ్ముకోవద్దు.

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్ 27న మొదలైనప్పుడు ఇంటర్నెట్, ఫోను, టీవీ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఊళ్ళకు తీగ లాగారు. ఆ తీగ ఊరి నడిబొడ్డున ఆగిందా, మన కాలనీ చివరి స్తంభం దాకా వచ్చిందా అన్నది ప్రతి ఊళ్ళో లెక్క తీయాల్సిన విషయం. కాలనీలో ఒక్క ఇంటికో, కమ్యూనిటీ హాలుకో వచ్చినా మా పద్ధతి పనిచేస్తుంది. దీనికి కావాల్సింది ఒక్క ధారే.

లైవ్ పెట్టకూడనివి

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో గుర్తుంది కదా. కోనసీమ జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఆ వెంటనే ప్రభుత్వం ఆ ప్రాంతంలో ఇంటర్నెట్ ఆపేసింది. పుకార్లు ఆగడానికే ఆపామని చెప్పినా, మంటల పక్కనే ఉన్న దళిత వాడలకు కూడా తమ పరిస్థితి చెప్పుకునే దారి మూసుకుపోయింది. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని, అవి అవసరానికి మించకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. అలాంటి రోజుల్లో పై చెరువు మనకు అందదు. కింది చెరువు పనిచేస్తుంది. హాల్లో కెమెరా పెట్టి, హాలులోని సర్వర్‌కే పంపి, హాలులోని వాళ్ళకు చూపించడానికి బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. అందుకోసం కింది చెరువులోనూ మీడియాఎమ్‌టీఎక్స్ గది ఒకటి సిద్ధంగా ఉంచండి. రికార్డు అక్కడే ఉంటుంది, దారి తెరుచుకున్నాక పైకి పంపొచ్చు.

అయితే పంచగలం కదా అని అన్నీ లైవ్ పెట్టకూడదు. దాడికి గురైన కుటుంబం మాట్లాడుతున్నప్పుడు లైవ్ వద్దు. సాక్షుల ముఖాలు అసలే వద్దు. మనం వెళ్ళిపోయాక వాళ్ళు అదే ఊళ్ళో బతకాలి. అలాంటివి రికార్డు చేసి, వాళ్ళను అడిగి, లాయరుకు చూపించి, తర్వాత నిర్ణయించుకోండి. లైవ్‌లో ఉన్నప్పుడు అనుకోకుండా ఎవరి పేరో ముఖమో వచ్చేస్తే, ముందు చెప్పిన ఇరవై సెకన్ల ఆలస్యం అక్కరకొస్తుంది. పై చెరువులో హెచ్‌ఎల్‌ఎస్ తలుపు మూసేయడం ఒక్క ఆదేశం. ఆ పని చేయడానికి ఒకరు సభ పొడవునా కూర్చుని ఉండాలి. యూట్యూబ్‌కు పోయే నకలు వేరే కాబట్టి దాన్నీ అదే ఆదేశంలో ఆపేలా రాసి పెట్టుకోండి.

సొంత సర్వర్ ఉంటే కనపడకుండా ఉండొచ్చని అనుకునేవాళ్ళకు ఒక మాట. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీఎంలు అద్దెకిచ్చే కంపెనీలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్ళు ఉంచాలి. మీరు ఎవరో వాళ్ళకు తెలుసు. మనది చాటు వ్యవహారం కాదు, సంఘం పేరు మీదే తీసుకోండి. దాచాల్సింది మనల్ని కాదు, పాస్‌వర్డులను, సాక్షుల వివరాలను. చూసినవాళ్ళ ఐపీ చిరునామాల చిట్టా ఎన్‌జిన్‌ఎక్స్ రాసుకుంటుంది. మన సభను ఎవరెవరు చూశారో మన సర్వర్లో నిల్వ ఉంచడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు, ఆఫ్ చేయండి.

రికార్డు

సభ అయిపోయాక మిగిలేది రికార్డింగ్. 500 జీబీ డిస్కులో మూడు గంటల సభలు నాలుగు వందలకు పైగా పడతాయి. రికార్డింగ్ ఫోల్డరు కంటెయినర్ లోపల కాక బయట ఉండేలా చూసుకోండి. కంటెయినర్‌ను తీసేస్తే లోపల ఉన్నదంతా దానితోపాటే పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 15ఎ సెక్షను ఈ చట్టం కింద జరిగే విచారణలన్నిటినీ వీడియో తీయాలంటుంది. కోర్టు లోపలి వీడియో కోర్టు బాధ్యత. కోర్టు దాకా వెళ్ళే ముందు జరిగినవాటి వీడియో చాలాసార్లు మన దగ్గరే ఉంటుంది, సరిగ్గా దాచకపోవడం వల్ల ఎదుటి లాయరు దాన్ని ఒక్క ప్రశ్నతో కొట్టేయిస్తాడు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతుంది. పాత చట్టంలోని 65బి స్థానంలో వచ్చింది ఇది. ఆ పత్రంలో రెండు భాగాలున్నాయి. ఒకటి రికార్డును సమర్పించేవాళ్ళు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. షా-256 పద్ధతిలో తీస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. వీడియోలో ఒక్క బిట్టు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. లినక్స్‌లో దీనికి ఒక్క ఆదేశం చాలు. రికార్డింగ్ ముగిసిన వెంటనే హ్యాష్ తీసి, తేదీ, సమయం, ఏ మెషీను, ఎవరు పంపారు అన్నవి సంఘం మినిట్స్ పుస్తకంలో చేత్తో రాసి, అక్కడున్న ఇద్దరు సంతకాలు పెట్టండి. ఫైలును ఎడిట్ చేయాలంటే నకలును ఎడిట్ చేయండి, అసలును ముట్టుకోవద్దు. యూట్యూబ్ నుంచి దించుకున్న వీడియోకు ఈ విలువ ఉండదు. ఆ కంపెనీ దాన్ని తన పద్ధతిలో మళ్ళీ కుదించి ఇస్తుంది, హ్యాష్ కలవదు.

అసలు ఒక హార్డ్‌డిస్కులో, నకలు ఇంకో హార్డ్‌డిస్కులో వేసి రెండు వేర్వేరు ఊళ్ళలో ఉంచండి. ఒకటి అనంతపురంలో ఉంటే రెండోది హిందూపురంలోనో గుంతకల్లులోనో. పై చెరువు పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉండాలి, వాళ్ళలో ఒక్కరైనా ఆడపిల్ల అయితే మంచిది. మన సంఘాల్లో కెమెరా ముందు అక్కలను కూర్చోబెట్టి, కెమెరా వెనక తాళాలన్నీ అన్నల దగ్గరే ఉంచుకునే అలవాటు ఇంకా పోలేదు. డాకర్ కంపోజ్ కాగితాన్ని అచ్చు తీసి మినిట్స్ పుస్తకంలోనే అంటించండి. పరీక్షలప్పుడు, ఉద్యోగాలొచ్చి పిల్లలు బెంగళూరు వెళ్ళిపోయినప్పుడు, తర్వాత వచ్చేవాళ్ళు ఆ పేజీ తెరిచి మళ్ళీ నిలబెట్టుకుంటారు.